ఆకురాయి చాకైన కథ

గాజువాకలో ఉక్కుకు కరువేముంటుంది? హార్డ్‌వేర్ షాపుల ముందు కడ్డీలు కట్టలు కట్టలుగా పడి ఉంటాయి. ఆటోనగర్ రోడ్డు మీద కాసేపు నిలబడితే ఉక్కు మోసుకుపోయే లారీలను లెక్కపెట్టలేం. అందుకే మడత చాకు ఒకటి సొంతంగా చేసుకోవాలని మనసు పుట్టినప్పుడు సరుకు గురించి నేను ఆలోచించనే లేదు. మా ఇంటి స్లాబు పనిలో మిగిలిపోయిన 12 మిల్లీమీటర్ల కడ్డీ ముక్క మూల పడి ఉంటే తీశాను. బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, సుత్తితో పల్చగా సాగగొట్టి, మళ్ళీ కాల్చి బకెట్టు నీళ్ళలో ముంచాను. బుస్సుమంది. పని అయిపోయిందనుకున్నాను. చల్లారాక అంచు మీద ఆకురాయి పెట్టి తోస్తే, ముంచకముందు ఎంత మెత్తగా అరిగిందో ఇప్పుడూ అంతే మెత్తగా అరిగింది. గట్టిపడనే లేదు.

ఆ ముక్క పట్టుకుని మా మావయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన కంచరపాలెం ఐటీఐలో ఫిట్టరు ట్రేడు చదివారు. సింధియా దగ్గర షిప్‌యార్డులో అప్రెంటిస్‌గా చేశారు. తర్వాత విశాఖ స్టీల్‌ప్లాంటులో చేరి, రిటైరయ్యేదాకా మెయింటెనెన్సులోనే ఉన్నారు. పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన రేకుల షెడ్డు, అందులో ఒక బెంచి, దాని మీద వైసు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన అక్కడే ఉంటారు. నేనిచ్చిన ముక్కను ఒకసారి చేతిలో తిప్పి చూసి పక్కన పెట్టేశారు.

“ఏటల్లుడూ, ఊసతోటి చాకు చేస్తావేటి? ఇది ఇల్లు నిలబెట్టడానికి. భూకంపమొచ్చినా వంగాలి గానీ పుటుక్కుమనకూడదు. కోసేదానికి కావలసింది వేరే సరుకు.”

తేడా అంతా కార్బన్‌లో ఉంది. మన ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటికి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. వాటిలోంచి కారే ద్రవ ఇనుములో నూటికి నాలుగు పాళ్ళకు పైగా కార్బన్ ఉంటుంది. దాన్ని అలాగే పోతపోస్తే గట్టిగా ఉంటుంది కానీ సుత్తి దెబ్బకు పెంకులా పగులుతుంది. అందుకని దాన్ని కన్వర్టర్‌లో పోసి ఆక్సిజన్ ఊదుతారు. కార్బన్ మండి, గ్యాసై పోతుంది. ఇల్లు కట్టే కడ్డీ దాకా వచ్చేసరికి మిగిలేది పావు శాతం, అంతకన్నా తక్కువ. చాకుకు కావలసింది ముప్పావు శాతం నుంచి శాతం పైచిలుకు. అంటే చాకు ఉక్కు ఆ ఫర్నేసుకూ ఈ కడ్డీకీ నడుమ దారిలో ఎక్కడో ఉంది. ఆ మాట మావయ్య చెప్పేదాకా, ఇన్నేళ్ళుగా ఆ పొగగొట్టాలు చూస్తూ పెరిగిన నాకు తట్టలేదు.

ఈ ఊళ్ళో ఉక్కు అనే మాటను ఎవరూ తేలిగ్గా పలకరు. 1966లో ఆ కర్మాగారం కోసం టి. అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నారు. రాష్ట్రమంతా కదిలింది. 32 మంది ప్రాణాలు పోయాయి. ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటన చేసింది 1970 ఏప్రిల్ 17న. శంకుస్థాపన 1971 జనవరి 20న. గోదావరి ఫర్నేసు వెలిగింది మాత్రం 1990లో. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేశారు. 2021 జనవరిలో ప్లాంటును అమ్మే నిర్ణయం వెలువడ్డాక మావయ్య కూర్మన్నపాలెం నిరసన శిబిరానికి వెళ్ళి కూర్చునేవారు. ఉదయం అక్కడ, సాయంత్రం షెడ్డులో. నా చాకు ముచ్చటను ఆయన పిల్లాట కింద కొట్టిపారేయకపోవడానికి కారణం ఇదేనని నేను అనుకుంటాను. ఉక్కు గురించి ఎవరేం అడిగినా ఆయన పని ఆపి చెబుతారు.

అరిగిన ఆకురాయి

బెంచి కింద పాత పెయింటు డబ్బాలో అరిగిపోయిన ఆకురాళ్ళు పది పన్నెండు ఉన్నాయి. ఆయన దేన్నీ పారేయరు. అందులోంచి 10 అంగుళాల బల్లపరుపు ఆకురాయి ఒకటి తీసి, మొనను వైసులో బిగించి సుత్తితో ఒక్కటి వేశారు. కొస విరిగిపడింది. విరిగిన చోటును వెలుగులోకి తిప్పి చూపించారు. బూడిదరంగులో, లోపల నుంచి పైదాకా ఒకే తీరున, మైదాపిండి అంత సన్నటి గింజ. కొన్ని చౌక ఆకురాళ్ళకు పైపొర ఒక్కటే గట్టిగా ఉంటుంది, లోపలంతా మెత్తటి ఇనుమే. అలాంటిదైతే విరిచినచోటే బయటపడుతుంది. మాకు దొరికింది అసలు సిసలైనది. మంచి ఆకురాయి ఉక్కులో కార్బన్ 1.2 శాతం దాకా ఉంటుంది. కత్తికి అంతకన్నా ఏం కావాలి?

కాకపోతే ఆకురాయిని ఆకురాయితో కోయలేం. ముందు దాని గట్టిదనాన్ని దింపాలి. ఇటుకలు పేర్చి, చేత్తో తిప్పే బ్లోయరు పెట్టిన చిన్న కొలిమి ఆయనకు ఉంది. బొగ్గుల్లో ఆకురాయిని చివరిదాకా ఒకే ఎరుపులోకి తెచ్చి, తట్టెడు పొడి బూడిదలో పాతిపెట్టి ఇంటికి వచ్చేశాం. తెల్లారి వెళ్ళి బూడిద తవ్వితే ముక్క ఇంకా గోరువెచ్చగా ఉంది. ఎంత నిదానంగా చల్లారితే అంత మెత్తబడుతుంది. రాత్రికి రాత్రి ఆకురాయి కాస్తా అరిగే ఇనుమైపోయింది.

అట్టముక్క మీద చాకు బొమ్మ గీసి కత్తిరించాం. అలుగు 7 సెంటీమీటర్లు, మందం రెండున్నర మిల్లీమీటర్లు. పిడి 9 సెంటీమీటర్లు. అట్టముక్కలకు గుండుసూది గుచ్చి, తెరిచి మూసి, మొన పిడిలో దాగుతుందా లేదా అని చూసుకున్నాం. మూడుసార్లు గీయాల్సి వచ్చింది. మూడో అట్టకు మావయ్య తలూపారు.

మడత కత్తి మన ఇళ్ళకు కొత్తదేమీ కాదు. మా అమ్మమ్మ తమలపాకుల పెట్టెలో అడకత్తెర ఉండేది. రెండు చేతులు, వాటిని కలిపే ఒక్క చీల. ఆ చీల వదులైతే వక్క నలుగుతుంది తప్ప తెగదు. మా అరుగు మీదికి క్షవరానికి వచ్చే పెద్దాయన పొది విప్పితే అందులోనూ మడత కత్తే. తోలుపట్టా మీద అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పి, పని కాగానే అలుగును పిడిలోకి వాల్చి పెట్టేసేవారు. అలుగు పీట మీదికి వాలి పడుకునే కత్తిపీటలు ఇప్పటికీ బజారులో వస్తున్నాయి. వీటిలో దేనికీ స్ప్రింగు ఉండదు. చేతి పట్టే ఆధారం.

జేబులో వేసుకునే చాకుకు అది చాలదు. దానంతట అది తెరుచుకోకూడదు, కోస్తుంటే వేళ్ళ మీదికి మూసుకోకూడదు. ఈ చిక్కును మనుషులు చాలాకాలంగా విప్పుతూనే ఉన్నారు. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ దగ్గర దొరికిన మడత కత్తికి రెండున్నర వేల ఏళ్ళ వయసుంది. ఫ్రాన్స్ కొండ ప్రాంతం సావోయ్‌లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన చెక్కపిడి చాకు దాదాపు అదే రూపంలో ఇవాళ్టికీ అమ్ముడవుతోంది. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్స్‌నర్ తమ దేశ సైనికులకు 1891 నుంచి చాకులు చేసి ఇచ్చాడు. మన దేశంలో రాంపూర్ చాకుకు పనితనంలో పేరుంది. హిందీ సినిమాల్లో రౌడీల చేతికి ఎక్కి పాపం చెడ్డపేరు మోసింది. మేం ఎంచుకున్నది వీటిలోకెల్లా సాదా పద్ధతి, స్లిప్ జాయింట్ అంటారు. తాళం ఉండదు, బటన్ ఉండదు. ఒక అలుగు, ఒక స్ప్రింగు పట్టీ, రెండు ఇత్తడి రేకులు, రెండు చెక్కలు, మూడు చీలలు. అంతే సామాను.

మడమ దగ్గర మసి

సామాను తక్కువైనంత మాత్రాన పని తక్కువ కాదని నాలుగు ఆదివారాల్లో తెలిసొచ్చింది.

అలుగు మొదట్లో, చీల చుట్టూ తిరిగే భాగాన్ని మావయ్య మడమ అంటారు. ఆ మడమకు రెండు చదునైన మొహాలుంటాయి. చాకు తెరిచినప్పుడు స్ప్రింగు కొస ఒక మొహం మీద కూర్చుంటుంది, మూసినప్పుడు రెండోదాని మీద. మధ్యలో అలుగు తిరుగుతుంటే మడమ మూల స్ప్రింగును పైకి ఎత్తుతుంది. మూల దాటగానే స్ప్రింగు తన చోట పడుతుంది. ఆ పడటంలో వచ్చేదే ‘టక్’. మంచి చాకుకు ఆ చప్పుడు పొడిగా, తెగినట్టు వినిపించాలి. మెత్తగా వచ్చిందంటే ఎక్కడో మొహాలు కలవలేదన్నమాట.

ఇక్కడే ఉంది అసలు కష్టం. చీల రంధ్రం నడిమధ్య నుంచి ఆ రెండు మొహాలకూ దూరం సరిగ్గా ఒకటే ఉండాలి. ఒకవైపు ఎక్కువైతే, తెరిచినప్పుడు పిడి వెన్ను నున్నగా ఉండి మూసినప్పుడు స్ప్రింగు పైకి పొడుచుకొస్తుంది. రెండోవైపు ఎక్కువైతే దీనికి తారుమారు. బొటనవేలి గోరు పెట్టి పిడి వెన్ను మీద ఇటు నుంచి అటు లాగితే ఎక్కడా తట్టకూడదు. కంటికి కనిపించని తేడాను గోరు పట్టేస్తుంది. మావయ్య దగ్గర వెర్నియర్ ఉంది, కానీ చివరికొచ్చేసరికి ఆయన నమ్మేది గోరునే.

ఆకురాయి పట్టడం నాకు వచ్చనుకున్నాను. మొదటి ఆదివారం నేను చదును చేసిన మొహం మీద ఆయన స్క్వేరు ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నారు. మధ్యలో ఆనింది, రెండు చివర్లలోంచీ వెలుగు. నడుమ ఉబ్బిపోయింది. “ఐటీఐలో మొదటి నెలల్లో అందరిదీ ఇలగే ఉంటాది” అని, నా వెనక నిలబడి నా చేతుల మీద చేతులు వేశారు. ఎడమ అరచేయి ఆకురాయి కొస మీద, కుడిచేయి పిడి మీద. తోపు మొదట్లో బరువు ఎడమచేతిది. ముందుకు పోతున్నకొద్దీ ఆ బరువు కుడిచేతికి మారాలి. వెనక్కి లాగేటప్పుడు ఆకురాయి పనికి ఆనీ ఆననట్టు తేలి రావాలి. భుజం కదలాలి గానీ మణికట్టు ఊగకూడదు. ఆయన చేతుల కింద నా చేతులు పది తోపులు తోశాయి. పదకొండో తోపుకు ఆయన చేతులు తీసేశారు. కాసేపు చదునుగా పోయింది, మళ్ళీ ఉబ్బింది. మళ్ళీ వచ్చి చేతులు వేశారు.

మొహం ఎక్కడ ఎత్తుగా ఉందో కనిపెట్టడానికి ఆయన చూపిన ఉపాయం ఎంతో పాతది. కిరసనాయిలు దీపం పొగ మీద మడమను ఒక్క క్షణం తిప్పితే సన్నటి మసి పడుతుంది. అలుగును చీలకు తొడిగి, స్ప్రింగు పెట్టి ఒకసారి తెరిచి మూసి బయటికి తీస్తే, తగిలిన చోట మసి పోయి చుక్కలా మెరుస్తుంది. ఆ చుక్కను మాత్రమే సన్న ఆకురాయితో రెండు తోపులు. మళ్ళీ మసి, మళ్ళీ చీల, మళ్ళీ చుక్క. మొదట ఒకే మూలన ఒక చుక్క. పది పన్నెండు సార్లయ్యాక రెండు చుక్కలు. మూడో ఆదివారం పొద్దుపోయేసరికి మొహం నిండా చిన్నచిన్న మెరుపులు, అచ్చంగా అట్టు మీద పడిన చిల్లుల్లా. “ఇప్పుడు కూర్చుంది” అన్నారు మావయ్య. మూడు వారాల్లో ఆయన మెచ్చుకోలుగా అన్న మొదటి మాట అదే.

రంధ్రాల సంగతి త్వరగా తేలింది. రెండు ఇత్తడి రేకులనూ స్ప్రింగునూ ఒకదాని మీద ఒకటి పెట్టి బిగించి, అన్నిటికీ ఒక్క దెబ్బన రంధ్రం వేస్తే వరస తప్పదు. అలుగు రంధ్రం మాత్రం చీల కన్నా వెంట్రుకవాసి తక్కువ బిట్టుతో వేసి, రీమర్‌తో విప్పుకుంటూ పోవాలి. అలుగు చీల మీద తిరగాలి, అటూ ఇటూ ఊగకూడదు.

నిప్పు, నూనె, రంగులు

గట్టిపరిచే రోజున తప్పు చేశాను. మావయ్య సంతకు వెళ్ళారు. వచ్చేదాకా ఆగలేక కొలిమి రాజేశాను. అలుగును కాల్చి, పాత అలవాటు కొద్దీ నీళ్ళలోనే ముంచాను. బుస్సుమన్న శబ్దంలోనే సన్నగా ‘టింగ్’మని ఇంకోటి వినిపించింది. తీసి చూస్తే మడమ మూల నుంచి అలుగు సగం దాకా వెంట్రుక లాంటి బీట. మూడు ఆదివారాల పని. ఆయన వచ్చి చూసి కేకలేయలేదు. బీట మొదలైన చోట వేలు పెట్టి, “లోపలి మూల కోసుగా వదిలీసేవు. గుండ్రంగా తియ్యాల. నీళ్ళు ఒక్కసారిగా లాగీసరికి అక్కడ చీలిపోయింది” అన్నారు. డబ్బాలోంచి ఇంకో ఆకురాయి తీశారు. రెండో అలుగుకు రెండు ఆదివారాలే పట్టింది. చేతికి దారి తెలిసింది.

రెండోసారి చీకటి పడ్డాక మొదలుపెట్టాం. పగటి వెలుగులో ఎరుపు కంటిని మోసం చేస్తుంది. ఒక ఇనప రేకు డబ్బాలో వేరుశనగ నూనె పోసి, వేలు పెట్టి ఉంచలేనంత వెచ్చగా కాచాం. నూనె చల్లగా ఉంటే చిక్కగా ఉండి, వేడిని నిదానంగా లాగుతుంది. పక్కన డబ్బా మూత, ఒక బకెట్టు ఇసుక. నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మూత పెట్టి గాలి ఆపాలి. ఇది ఎవరింట్లో చేసినా ముందు సర్దుకోవలసింది ఈ రెండే, కత్తి తర్వాత. అలుగు ఎర్రబడుతుంటే తీగకు కట్టిన అయస్కాంతం తగిలించి చూశాం. మొదట పట్టుకుంది. కాసేపటికి పట్టుకోవడం మానేసింది. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి లొంగదు. అక్కడి నుంచి ఇంకొంచెం, పండిన చెర్రీ రంగు దాకా కాల్చి, మొన ముందుగా నిలువుగా నూనెలోకి. మంట ఒక్కసారి లేచి ఆగిపోయింది. తుడిచి, అంచు మీద ఆకురాయి వేస్తే గాజు మీద జారినట్టు జారిపోయింది. ఆ జారుడు నా మణికట్టు దాకా తెలిసింది.

అలా గట్టిపడిన ఉక్కు కింద పడితే పగులుతుంది. దానికి కొంచెం ఓర్పు నేర్పాలి. పెనం మీద ఇసుక పోసి గ్యాసు పొయ్యి మీద పెట్టాం. గరుకు కాగితంతో అలుగును తెల్లగా మెరిపించి, వెన్ను కిందికి ఉండేలా ఇసుకలో నిలబెట్టాం. అత్తయ్య కూడా వచ్చి నిలబడ్డారు. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత వెన్ను దగ్గర ఎండుగడ్డి రంగు లీలగా కదిలింది. అది అంచు వైపు పాకుతుంటే దాని వెనకే బెల్లం రంగు, దాని వెనక నేరేడు రంగు, అట్టడుగున నెమలి కంఠం నీలం. ఎండుగడ్డి రంగు 220 డిగ్రీలు, ఆ నీలం 300 దగ్గర. పైన పట్టే ఆక్సైడు పొర మందాన్ని బట్టి వచ్చే రంగులే ఇవి, థర్మామీటరు అక్కర్లేదు. గడ్డి రంగు వాదరను తాకగానే మావయ్య పటకారుతో తీసేశారు. స్ప్రింగు పట్టీని కూడా అలుగులాగే గట్టిపరిచి ఉంచాం. దాన్ని మాత్రం పూర్తిగా నెమలి నీలం వచ్చేదాకా ఉంచాం, ఎందుకంటే అది కోయక్కర్లేదు, వంగి మళ్ళీ లేవాలి. రెండూ ఆకురాయి ముక్కలే. 80 డిగ్రీల తేడాతో ఒకటి అలుగైంది, ఒకటి స్ప్రింగైంది.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నాకు కోనసముద్రం గుర్తొచ్చింది. నిజామాబాద్ జిల్లాలో ఉంది ఆ ఊరు, కమ్మర్‌పల్లి మండలం. మూసిన మట్టి మూసల్లో ఇనుమును కరిగించి, నిదానంగా చల్లార్చి అక్కడ ఉక్కు ముద్దలు చేసేవారు. పర్షియా నుంచి వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. తెలుగు, కన్నడ నాలుకల మీది ‘ఉక్కు’ అనే మాటే యూరప్‌కు వెళ్ళి ‘వూట్జ్’ అయిందని పండితులు చెబుతారు. 1794లో హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు బొంబాయి నుంచి ఆ రకం ముద్దలను లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. మరుసటేడు జార్జ్ పియర్సన్ వాటి మీద పరిశోధనా పత్రం రాశాడు. ఆ పత్రం కోసం జేమ్స్ స్టోడర్ట్ అనే కత్తుల తయారీదారు ఆ ముద్దతో ఏం చేశాడో తెలుసా? ఖడ్గం చేయలేదు. ఈకల కలాలు చెక్కుకునే చిన్న చాకు చేశాడు. సాగగొట్టడం చాలా కష్టమైందనీ, అయినా చాలా పనులకు తమ దేశపు ఉక్కు కన్నా ఇదే మేలనీ తేల్చాడు. అతనే తర్వాత మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. మన ఉక్కు గురించి ఎవరైనా మాట్లాడితే డమాస్కస్ ఖడ్గాల దగ్గరికే పోతారు. నాకు మాత్రం ఆ చిన్న చాకే ఇష్టం. ఉక్కు బాగోగులు తేలింది దానితోనే. చిన్న చాకులో లోపం దాగదు.

పిడి, ఉప్పుగాలి

పిడికి ఏ చెక్క అన్న మాట వచ్చినప్పుడు నేను ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర అన్నాను. అంత నున్నటి చెక్క ఇంకోటి ఉండదు. మావయ్య ఒప్పుకోలేదు. అది బొమ్మకు మంచిది, చీల తలను సుత్తితో కొడితే ఆ చెక్క నొక్కుకుపోతుంది అన్నారు. పాత బండి ఇరుసు తాలూకు చింతచేవ ముక్క బయటికి తీశారు. రంపానికి ఆకురాయి పట్టుకుంటూ కోయాల్సి వచ్చింది. నీలం, ఊదా చారలతో నల్లగా ఉంది లోపల. ఆవనూనె రాసేసరికి చారలన్నీ పైకి తేలాయి.

చివరి చీల కొట్టడానికి ఊపిరి బిగబట్టాను. 3 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీని పిడి మందం కన్నా ఒక మిల్లీమీటరు పొడుగ్గా ఉంచి, గుండు సుత్తితో చుట్టూ చిన్నచిన్నగా తట్టి తలను పరచాలి. ఎక్కువ కొడితే చాకు బిగుసుకుపోయి తెరుచుకోదు, తక్కువైతే ఊగుతుంది. మడమకూ ఇత్తడి రేకుకూ మధ్య నూనెలో తడిపిన పల్చటి కాగితం పెట్టి, చీల పూర్తయ్యాక లాగేయమన్నారు. ఆ కాగితమంత ఖాళీ చాలు అలుగు తిరగడానికి. కాగితం లాగేశాను. తెరిచాను. టక్. షెడ్డు బయట కొబ్బరిచెట్టు కింద కూర్చున్న అత్తయ్య తల తిప్పి చూశారు.

చక్రం తొక్కుకుంటూ వీధుల్లో సాన పట్టేవాళ్ళు ఇప్పుడు మా వైపు ఎప్పుడో గానీ రావడం లేదు. సానరాయి మీద నేనే పట్టాను, నీళ్ళు చల్లుకుంటూ, రెండు వైపులా సమానంగా. పండిన టమాటా మీద పెడితే బరువు వేయకుండానే తోలు తెగాలి. తెగింది. మర్నాడు పొద్దున చూస్తే అలుగు మీద గోధుమరంగు మచ్చలు. ఇది సముద్రం పక్క ఊరని మరిచిపోయాను. స్టెయిన్‌లెస్‌లో పది పదకొండు శాతానికి పైగా క్రోమియం ఉంటుంది కాబట్టి దానికి ఈ ఉప్పుగాలి అంతగా పట్టదు. కార్బన్ ఉక్కును రాత్రి తడిగా వదిలితే తెల్లారేసరికి తుప్పు. అప్పటి నుంచి ఓ పని చేస్తున్నాను. పచ్చి మామిడికాయ కోసి, ముక్కల్ని ఉప్పూకారంతో తినేసి, రసం అలుగు మీద కాసేపు ఉంచి తుడిచి కొబ్బరినూనె రాస్తాను. పులుపుకు అలుగు నల్లబడుతుంది. ఆ నలుపు తుప్పును చాలావరకు ఆపుతుంది. ఆవకాయ రోజుల్లో ఇంట్లో ఇనప కత్తులన్నీ ఎందుకు నల్లగా ఉండేవో ఇప్పుడు తెలిసింది.

అడిగేవారి కోసం చట్టం మాట కూడా. ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన అలుగులను ఆయుధాల కిందికి తెచ్చారు. ఇంటి పనులకు, సేద్యానికి, పరిశ్రమలకు చేసినవి అందులోకి రావు. మా చాకు అలుగు మూడంగుళాలు కూడా లేదు. అయినా దీన్ని జేబులో పెట్టుకుని బజారులో తిరగడం నాకు నచ్చదు. ఇంట్లో బల్ల సొరుగే దాని చోటు. విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో అసలే కుదరదు.

ఈ రెండు నెలల్లో నాకు బాధ కలిగించిన విషయం ఒకటుంది. షిప్‌యార్డులో, పోర్టులో, రైల్వే షెడ్డులో, ప్లాంటులో ముప్ఫై నలభై ఏళ్ళు పనిచేసిన ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు గాజువాకలో, మల్కాపురంలో, కంచరపాలెంలో వీధికి ఇద్దరు ముగ్గురున్నారు. గోరుతో తేడా పట్టగల చేతులు. వాళ్ళ మనవలు కంప్యూటర్ మీద యంత్రాలు నడుపుతున్నారు, మంచిదే, ఆ పనీ కావాలి. కానీ తాతయ్యను “నాకు ఆకురాయి పట్టడం చూపించు” అని అడిగిన మనవణ్ణి నేను చూడలేదు. నేనైనా అడిగింది ఇన్నేళ్ళకు. ఆ చేతులు నా చేతుల మీద పడిన ఆ పది తోపులు పుస్తకంలో రాసి పెట్టగలిగేవి కావు. ఈ ఊళ్ళో ఏ పాఠశాల అయినా ఆదివారం పూట ఒక వైసు, నాలుగు ఆకురాళ్ళు పెట్టి ఇలాంటి పెద్దాయన ఒకరిని పిలిస్తే ఎంత బాగుంటుందో అని రోజూ అనుకుంటున్నాను.

వానలు మొదలయ్యాక చింతచేవ కాస్త ఉబ్బినట్టుంది, తెరవడం బిగుతుగా మారింది. మావయ్యకు చూపించాను. తెరిచారు, మూశారు, సగం తెరిచి ఆపి వెన్ను మీద బొటనవేలి గోరు లాగారు. తెరిచినప్పుడూ మూసినప్పుడూ తట్టలేదు. సగంలో మాత్రం స్ప్రింగు కొస ఒక పక్కకు ఒరిగి లేస్తోంది.

“మూల ఒకవైపు ఎక్కువ తీసీసేవు. దీనికి ఇంకేటీ చెయ్యలేం. వాడుకో” అన్నారు. ఆ తర్వాత బెంచి కింది డబ్బాను కాలితో నా వైపు జరిపారు. అందులో ఎనిమిదంగుళాలది, పళ్ళు పూర్తిగా అరిగిపోయినది ఒకటి తీసి ఇస్తే, మొన విరిచి గింజ చూసి, కొలిమి రాజెయ్యమన్నారు. రాత్రి తొమ్మిదింటికి దాన్ని బూడిదలో పాతి వచ్చాను.